డిస్కు పెట్టె అట్టను మనమే కూర్చుకొనుట

(తల్లిదండ్రుల సమావేశమున చేసిన ప్రసంగము యొక్క పాఠము)



కార్యదర్శిగారు నాకిచ్చిన విషయము వినుటకు చిన్నది. ఈ సంవత్సరము మన బాలబాలికలు పాడిన పాటలును, చదివిన పద్యములును, ఆడిన నాటికయు డిస్కులకెక్కించి ఇంటింటికి పంచవలెనని సంఘమువారు నిశ్చయించిరి. ఆ డిస్కు పెట్టెలకు అట్టలు కావలెను. వానిని కంప్యూటరుపై కూర్చుటకు, ఇదివరకెన్నడును ఆ పని చేయనివారికి సులభముగానుండు సాఫ్ట్‌వేరు ఏదో చెప్పుమనిరి. నేను చిత్రకారుడను గాను, ముద్రాపకుడను గాను. లెక్కలు వ్రాయు ఉద్యోగము చేసి విశ్రాంతి పొందినవాడను. అయినను ఈ పనిలో ఒక తప్పు చేసి, దాని మూలమున కొంత నేర్చుకొన్నవాడను గనుక అంగీకరించితిని. ఆ తప్పునే ముందు చెప్పెదను.

మూడేండ్ల క్రితము కూడ మనమొక డిస్కు చేసితిమి. అట్ట బాధ్యత నాపై పడినది. దానికి "విద్యార్థుల పద్యపఠనము" అని పేరు పెట్టి, పాల్గొన్న పిల్లల పేర్లన్నియు సెల్‌ఫోనులో తెలుగున వ్రాసి, బజారులోని ఒక డి.టి.పి. దుకాణమునకు పంపితిని. అచ్చట పనిచేయు కుఱ్ఱవాడు మర్యాదస్థుడు, పనియందు నేర్పరి. అయితే తెలుగు చదువనేరడు. నేను పంపిన వ్రాతను తన సాఫ్ట్‌వేరులోనికి దించుకొని, చుట్టును పూలతీగె వేసి, నూటయేబది ప్రతులు అచ్చువేసి యిచ్చెను. పెట్టెలలో దూర్చి పంచిన పిదప గాని నేను వానిని నిదానముగా చూడలేదు. "విద్యార్థుల" అను మాటలో దకారము క్రింద ఉండవలసిన యవత్తు లేదు. ద మీద పొల్లు. ప్రక్కన నిండు య. ర మీద పొల్లు. ప్రక్కన నిండు థ. "పద్య"మునకును అదే గతి. ఇక పిల్లల పేర్లు చెప్పనేల! శ్రీనివాసులు, శ్రీలక్ష్ములు, కృష్ణమూర్తులు, అందరును ముక్కముక్కలైరి.

కుఱ్ఱవానిదా తప్పు? అతనికి తెలుగు రాదు గనుక తప్పు కనబడలేదు. తెలుగు వచ్చిన నేను ఫోనులో చూచితినే గాని అచ్చుకు పోవు ప్రతిని చూడలేదు. ఒక పెద్దాయన అట్టను చేతబట్టుకొని, "ఏమయ్యా, అక్షరములు వేరు కాపురములు పెట్టినవా?" అని నవ్విరి. నేనును నవ్వితిని. కాని మూడవ తరగతి చదువుచున్న ఒక పాప ఆ అట్ట మీద తన పేరెట్లున్నదో అట్లే నోటుపుస్తకమున వ్రాసికొన్నదట. ఉపాధ్యాయిని సరిదిద్దబోగా, "అచ్చులో ఇట్లే ఉన్నది గదా టీచర్" అన్నదట. ఆ మాట నా చెవినబడిన తరువాత నాకు మరల నవ్వు రాలేదు.

విజయవాడలోనో వరంగల్లులోనో పెరుగు బిడ్డకు బస్సు మీద, కొట్టు మీద, గోడ మీద దినమునకు వేయి తెలుగు మాటలు కంటబడును. వానిలో ఒకటి తప్పైనను తక్కినవి దానిని దిద్దును. మన హోసూరు బిడ్డకు బజారున కంటబడునది తమిళము, ఆంగ్లము; సరిహద్దు దాటి నాలుగడుగులు వేసిన కన్నడము. ఇంట మాటలాడునది తెలుగే గాని, ఇంటిలో అచ్చుపడిన తెలుగు ఎంతయున్నదో మీరే లెక్కించుకొనుడు. పాఠ్యపుస్తకములు, గోడ మీది పంచాంగము, పెండ్లి శుభలేఖలు. ఆ కొద్దిలో ఈ డిస్కు అట్ట యొకటి. అందు తన పేరు కూడ ఉన్నది గనుక బిడ్డ దానిని పదిసార్లు చూచును.

"నేటి కాలమున డిస్కులెవరు వినుచున్నారయ్యా?" అని వెనుక వరుసలో ఒకరు గొణుగుచున్నారు. న్యాయమైన ప్రశ్నయే. క్రొత్త ల్యాప్‌టాపులలో పెక్కింటికి డిస్కు పెట్టు చోటే లేదు. సోనీ, ఫిలిప్స్ సంస్థలు కలసి రూపొందించిన సి.డి. 1982లో జపానులో విక్రయమునకు వచ్చినది. దాని యౌవనము గడచిపోయినది. అయినను మన యిండ్లలోని అవ్వలకు, తాతలకు డి.వి.డి. పెట్టె అలవాటైనది; టి.వి. ప్రక్కన అది ఇంకను ఉన్నది. పైగా ఫోనులోని పాట నాలుగు దినములలో క్రిందికి జారిపోవును. అట్టగల వస్తువు అలమారలో నిలుచును. అయితే డిస్కునే నమ్మి కూర్చుండరాదు. దానిపై గీత పడవచ్చును. పాటల ప్రతి నొకదానిని పాఠశాల హార్డ్‌డిస్కులో కూడ దాచవలెను.

ఇక అసలు విషయము. "మొదలుపెట్టువానికి సులభము" అని దేనిని అందుము? సామాన్యముగా, సిద్ధముగానున్న బొమ్మలు, తయారైన నమూనాలు ఎక్కువగానున్న దానిని సులభమందురు. నేను దీనికి ఒప్పుకొనను. మనవంటి వారికి మొదటి పరీక్ష వేరు. ఆ సాఫ్ట్‌వేరు తెలుగు ఒత్తులను సరిగా కూర్చునా, లేదా? కూర్చనిచో అది ఎంత సులభమైనను మనకు పనికిరాదు.

ఒత్తులేల విడిపోవునో రెండు మాటలలో చెప్పెదను. ప్రపంచ లిపులన్నింటికి సంకేతములిచ్చు యూనికోడ్ అను పద్ధతి యొకటి కలదు. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగునకు స్థానము దొరికినది. ఆ పద్ధతిలో "శ్రీ" అనునది ఒక్క అక్షరముగా నిలువయుండదు; శ, పొల్లు, ర, గుడిదీర్ఘము అని నాలుగు సంకేతములుగా నుండును. "స్త్రీ" అనునది ఆరు. ఈ విడి సంకేతములను చదివి, ఏది పైకి పోవలెను, ఏది క్రిందికి దిగవలెను అని నిర్ణయించి కూర్చు పని సాఫ్ట్‌వేరుదియు, ఫాంటుదియు. వానిలో ఏ యొక్కదానికి ఆ జ్ఞానము లేకున్నను, సంకేతములు వచ్చిన వరుసలోనే నిలువబడును. మన పాత అట్టకు జరిగినది ఇదియే. వృత్తిగా వాడు కొన్ని పెద్ద సాఫ్ట్‌వేరులలో సైతము భారతీయ లిపులకొరకు వేరొక అమరికను ఎంచుకొననిదే ఒత్తులు కూడవు. ఆ సంగతి తెలుగు చదువనివానికి తట్టదు. ఇది చాలక, పాత డి.టి.పి. ఫాంట్లది ఇంకొక గొడవ. వానిలో ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు రూపములు దాచియుందురు. ఆ ఫాంటు లేని యంత్రముపై తెరచిన యెడల తెలుగు పోయి పిచ్చి ఆంగ్లము మిగులును.

కావున ఏ సాఫ్ట్‌వేరునైనను తెరచిన వెంటనే ఈ మాటలు వ్రాసి చూడుడు: శ్రీ, స్త్రీ, రాష్ట్రము, జ్యోత్స్న, లక్ష్మి. ఈ అయిదును చక్కగా నిలిచినచో ముందుకు పొండు, లేనిచో మూసివేయుడు. దీనికి రెండు నిమిషములు కూడ పట్టదు. మూడేండ్ల క్రితము నాకీ రెండు నిమిషములు దొరకలేదు!

ఈ పరీక్షలో నెగ్గి, డబ్బడుగక, పాఠశాలలోని పాత యంత్రములపై నడచి, అంతర్జాలము లేకున్నను పనిచేయునది నాకు తెలిసినంతలో లిబ్రె ఆఫీస్‌లోని డ్రా అను భాగము. లిబ్రె ఆఫీస్ 2010లో ఓపెన్ ఆఫీస్ నుండి వేరుపడిన ఉచిత సాఫ్ట్‌వేరు. ఉత్తరములు వ్రాయుటకు, లెక్కలు వేయుటకు దానిని మీలో కొందరు వాడుచునే యుందురు. అందులోనే ఈ డ్రా కూడ ఉన్నదని మాత్రము గమనించియుండరు. దీనితో గొప్ప చిత్రములు గీయలేము. కాని అట్టకు గొప్ప చిత్రకళ కంటె కొలత ముఖ్యము. కొలతలో దీనిని మించిన సులభమైనది నేను చూడలేదు.

కొలతలు చెప్పెదను, ఇష్టమున్నవారు వ్రాసికొనుడు. సి.డి. పెట్టెలో ముందువైపు దూర్చు కాగితము 120 మిల్లీమీటర్ల చదరము. వెనుకవైపు కాగితము 151 మిల్లీమీటర్ల వెడల్పు, 118 ఎత్తు. ఆ 151లో ఇరుప్రక్కల ఆరున్నర మిల్లీమీటర్ల చొప్పున మడత వచ్చును. అవియే పెట్టె అంచులు. ఈ రెండు కాగితములును ఒక్క ఎ4 కాగితముపై, ఒకదాని క్రింద నొకటిగా ఇమిడిపోవును. డి.వి.డి. పెట్టెకు ఒక్కటే పొడవైన కాగితము: 273 మిల్లీమీటర్ల వెడల్పు, 183 ఎత్తు, నడుమ 14 మిల్లీమీటర్ల వెన్ను. ఇదియు అడ్డముగా పెట్టిన ఎ4 కాగితముపై సరిపోవును. మన నాటిక దృశ్యములతో గూడినది గనుక దానికి డి.వి.డి. కావలెను; పాటలకు, పద్యములకు సి.డి. చాలును.

డ్రా తెరచి, కాగితమును ఎ4 అడ్డముగా నిర్ణయించి, ఒక దీర్ఘచతురస్రమును చేతికి వచ్చినట్లు గీయుడు. వంకరయైనను దిగులులేదు. దానిని ఎంచుకొని ఎఫ్4 మీట నొక్కిన ఒక చిన్న గవాక్షము తెరచుకొనును. అందు వెడల్పు 27.3 సెంటీమీటర్లు, ఎత్తు 18.3 అని అంకెలు వేసినచో అది సరిగా అంతే అగును. ఆ గవాక్షముననే స్థానమును, పరిమాణమును కదలకుండ బంధించు గడులు కూడ కలవు. వానిని గుర్తించితిమా, పిల్లవాని మౌసు తగిలినను చట్రము చెదరదు. ఇంతకంటె సులభమేమి కావలెను? ఇక ఎడమ అంచు నుండి 12.95 సెంటీమీటర్ల కడ ఒక గీత, 14.35 కడ ఒక గీత. వాని నడుమనున్నది వెన్ను. క్రొత్తవారు తప్పక పొరపడు చోటొకటి ఇచ్చట కలదు. కాగితమును ఎదుట పరచినప్పుడు కుడివైపు భాగము ముందట్ట యగును, ఎడమవైపుది వెనుకట్ట. పుస్తకపు అట్టను విప్పి పరచి చూచినచో సంగతి తెలియును. మా యింట మా మనుమడు ఈ విషయమై నాతో అరగంట వాదించి, కాగితము మడిచి చూపిన తరువాత గాని ఒప్పుకొనలేదు.

వెన్ను మీద పేరు వ్రాయుట మనకొక చిక్కు. ఆంగ్లాక్షరము గీత మీద నిలుచును. మన అక్షరము పైన గుడి, క్రింద ఒత్తు వేసికొని నిలువున పెరుగును. సి.డి. అంచున ఆరున్నర మిల్లీమీటర్లనగా సుమారు 18 పాయింట్లు మాత్రమే. అందు 10 పాయింట్లకు మించిన అక్షరము పెట్టితిమా, ఒత్తు మడతలో పడి నలుగును. లోపలి పేర్ల పట్టికలో కూడ వరుసల నడుమ జాగా పొదుపు చేయరాదు. పై వరుస ఒత్తు క్రింది వరుస గుడిని తాకినచో చదువుట కష్టము.

అట్ట కొంచెము చక్కగా, వృత్తివారి పనివలె కావలెనన్నచో ఇంక్‌స్కేప్ నేర్వవలెను. ఇది 2003లో మొదలైనది, ఇదియు ఉచితము. ఒత్తులను చక్కగా కూర్చును. ఇందు గీసినది చుక్కలుగా గాక గీతలుగా నిలువయుండును గనుక ఎంత పెంచినను అంచులు పగులవు. మనకు దీనివలని గొప్ప లాభము వేరొకటి. వ్రాసిన అక్షరములను ఎంచుకొని "ఆబ్జెక్ట్ టు పాత్" అను ఆజ్ఞ నిచ్చినచో అవి అక్షరములుగా గాక బొమ్మలుగా మారును. ఆపైన అచ్చుశాలవాని యంత్రములో తెలుగు ఫాంటు లేకున్నను, అతనికి తెలుగు రాకున్నను, ఒత్తు ఒత్తుగానే యుండును. కాని బొమ్మయైన మాటను మరల దిద్దుట కుదరదు. అందుచేత మార్చకముందరి ప్రతి నొకదానిని వేరుగా దాచుకొనుడు. ఇంక్‌స్కేప్‌లో మీటలు ఎక్కువ. మొదటి దినమున తల తిరుగును. ఎనిమిదవ తరగతి దాటిన పిల్లలకు అప్పగించినచో వారమునకు మనకే పాఠము చెప్పుదురు.

తక్కినవానిని త్వరగా ముగించెదను. జింప్ 1996లో వెలువడిన ఉచిత సాఫ్ట్‌వేరు. ఫోటోను కత్తిరించుటకు, పిల్లలు గీసిన బొమ్మను స్కాను చేసి వెలుగు పెంచుటకు మంచిది. అట్ట మొత్తమును అందులోనే కూర్చుట మాత్రము శ్రమ. స్క్రైబస్ పుస్తకములు కూర్చుటకు పుట్టినది. దాని 1.4 కూర్పులలో మన ఒత్తులు కూడెడివి కావు. 2024లో వచ్చిన 1.6 కూర్పులో కూడుచున్నవి. కనుక పేరొక్కటి చూచి తెచ్చుకొనరాదు, కూర్పు సంఖ్య కూడ చూడవలెను. కాన్వా యనునది 2013లో ఆస్ట్రేలియాలో ప్రారంభమై అంతర్జాలముననే నడచుచున్నది. దాని నమూనాలు కంటికి ఇంపుగా నుండును, చేతికి సులువు. కాని ఖాతా కావలెను, అంతర్జాలము కావలెను. కొన్ని బొమ్మలకు సొమ్ము చెల్లింపవలెను. అందలి అలంకార ఫాంట్లలో పెక్కింట తెలుగక్షరములే లేవు. ఫోటోషాప్, కోరెల్‌డ్రా గొప్పవే. అచ్చుశాలలకు తగినవి, సంవత్సరమునకు రెండు అట్టలు వేయు మనకు వాని వెల దండుగ. డిస్కులు వ్రాయు నీరో వంటి సాఫ్ట్‌వేరులతో కూడ ఒకప్పుడు అట్టల భాగమొకటి వచ్చెడిది. కొలతలన్నియు అందు ముందే సిద్ధముగా నుండెడివి. మీ యింట పాతదున్నచో ఆ అయిదు మాటల పరీక్ష పెట్టి చూడుడు.

ఫాంట్ల విషయమున మనము అదృష్టవంతులము. గూగుల్ ఫాంట్స్ నుండి ఉచితముగా దించుకొనదగిన తెలుగు ఫాంట్లు నేడు పెక్కు కలవు. వాని పేర్లు వినుడు: పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ. రాయలవారి సభ మరల తీరినట్లున్నది! ఆ విజయనగరము నేటి కర్నాటకమున నున్నది. రాయలవారు ఆముక్తమాల్యద వ్రాసినది తమిళదేశపు శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవిని గూర్చి. సరిహద్దులో బ్రదుకు మనకు ఈ ఫాంట్లపై కొంత హక్కున్నదని నా భావన. అయితే అలంకారమునకు లోబడి పేర్ల పట్టికను లావు ఫాంటులో వేయకుడు. పై పేరునకు రామభద్ర వంటి లావుది, లోపలి పేర్లకు మండలి వంటి సాదాది చాలును. రెండు ఫాంట్లకు మించినచో అట్ట సంతబజారగును.

బొమ్మకొరకు అంతర్జాలమున వెదుకవద్దు. అవి ఒకరి సొత్తు. మన పిల్లలే గీయవలెను. 1930ల చివర అమెరికాలో అలెక్స్ స్టైన్‌వైస్ అను యువకుడు కొలంబియా రికార్డుల సంస్థలో చేరి, అంతవరకు సాదా అట్టలలో అమ్ముచుండిన రికార్డులకు బొమ్మల అట్టలు వేయు సంప్రదాయమునకు నాంది పలికెను. అతనికి కావలసినది రంగు, కాగితము, సంగీతమును విను చెవి. అవి మన పిల్లలకు లేకపోలేదు. బొమ్మను ఫోటో తీసి పంపువారు వాట్సప్‌లో మామూలు ఫోటోగా పంపినచో అది కుదించుకుపోవును; డాక్యుమెంటుగా పంపుడు. 120 మిల్లీమీటర్ల అట్ట అంగుళమునకు 300 చుక్కల చొప్పున తేటగా అచ్చుకావలెనన్నచో బొమ్మ అడ్డమునకు సుమారు 1,417 చుక్కలుండవలెను.

అచ్చుకు పంపునది పీడీఎఫ్ ఒక్కటే. అంచులకు రంగు వేసినచో చుట్టును మూడు మిల్లీమీటర్లు ఎక్కువ వేయుడు. కత్తి కొంచెము జరిగినను తెల్లగీత కనబడదు. తెరపై మెరయు పచ్చ, నీలము కాగితముపై కొంత మందగించును గనుక ముందొక ప్రతి వేయించి, కత్తిరించి, పెట్టెలో దూర్చి చూడవలెను. ఆ ప్రతిని ఇద్దరు చదువవలెను. వారిలో ఒకరు అట్ట కూర్చినవారు కాకూడదు. తాను వ్రాసినదానిలో తన కన్ను తప్పును దాటిపోవును. నా కన్నే సాక్షి.

రాబోవు శనివారము మధ్యాహ్నము రెండు గంటలకు కంప్యూటరు గదిలో డ్రాతో మొదలుపెట్టుదము. కంప్యూటరుపై తెలుగు టైపు రాదని ఎవరును సంకోచింపనక్కరలేదు. ఫోనులో వ్రాసి తమకు తామే పంపుకొని, అచ్చట అతికించుకొనవచ్చును. తల్లిదండ్రులు తమ బిడ్డ పేరును, ఇంటిపేరుతో సహా, తమ చేతితో తెలుగున ఒక కాగితముపై వ్రాసి బిడ్డచేత పంపవలెను. తెలుగున వ్రాయుట మరచితిమని అనువారు ఇంటిలోని పెద్దవారిచేత వ్రాయింపుడు. మూడేండ్ల క్రితము పేరు ముక్కలైన ఆ పాప ఇప్పుడు ఆరవ తరగతిలో నున్నది. పట్టికను సరిచూచు పనిని ఆమెకు అప్పగింపుమని ఉపాధ్యాయినిగారిని కోరితిని, వారు సరేయనిరి.